మూత మారిన సీసా

మా ఆడబిడ్డ స్నేహలత ఏం పని చేస్తదో మా ఊర్ల ఎవ్వరికీ సరిగ్గ తెల్వదు. పెద్దేముల్ దిక్కు మా అత్తగారి ఊర్ల అడిగితే "మందుల కంపెనీల గోలీలు డబ్బాల పెడ్తది" అంటరు. వికారాబాద్‌ల మా పక్కింటి కొండమ్మక్క అయితే "మీ స్నేహ డాక్టరా, నర్సా?" అని ఇప్పటికీ అడుగుతనే ఉంటది. నేను ఐదో తరగతి దాకే చదివినదాన్ని. స్నేహ చెప్పంగ చెప్పంగ నాకు అర్థమైనంత రాస్తున్న.

మా మామ నర్సప్పకు గొర్లుండె. స్నేహ పుట్టేసరికి మంద పెద్దది. వాగు కాడ నీళ్ళకు పోతే రెండు మూడు మందలు కలిసిపోతయి. అందుకని ఎవరి గొర్లకు వాళ్ళు గుర్తు పెట్టుకుంటరు. మా ఇంటి గుర్తు వీపు మీద అడ్డంగ ఎర్ర జాజు గీత. చిన్నప్పటి నుంచి ఆ గీత గీసే పని స్నేహది. గుడ్డపేలిక జాజుల ముంచి, గొర్రెను మోకాళ్ళ నడుమ ఒత్తిపట్టి, ఒక్క గుంజుడు గుంజేది. ఆ అలవాటు చదువుల గూడ పోలేదు. హాస్టల్ల ఆమె ప్లేటుకు ఎర్ర గీత, బకెటుకు ఎర్ర గీత, చెప్పులకు ఎర్ర గీత. "నా మీద గూడ ఒకటి గియ్యి, తప్పిపోతనేమో" అని మా ఆయన నవ్వేటోడు.

మా ఆయన పరశురాం స్నేహకు అన్న. తాండూరుల బండలు పాలిష్ పట్టే కాడ పనిచేసేటోడు. చెల్లెను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ దాకా చదివించిండు. కంపెనీ లింగంపల్లి అవతల. ఊరి నుంచి రోజూ పోవుడు కాదని వికారాబాద్‌ల స్టేషన్ దగ్గర ఇల్లు తీసుకున్నడు. పొద్దుగాల స్నేహ ఒక దిక్కు రైలెక్కితే ఆయన ఇంకో దిక్కు రైలెక్కేటోడు. పోయినేడు పని కాడ ఛాతిల నొప్పి అని కూసున్నడు, మళ్ళ లేవలేదు. మాకు పిల్లలు లేరు. అప్పటి నుంచి ఆ ఇంట్ల నేనూ స్నేహ. ఇల్లు నడిచేది ఆమె జీతం మీదనే. కంపెనీల ఆమె ఇంకా పర్మినెంట్ కాలేదు. చేస్తం చేస్తం అంటున్నరు.

ఆమె పని గురించి ఒకసారి ఊరికి పోయినప్పుడు మా అత్త హన్మమ్మ గట్టిగ అడిగింది. జొన్న రొట్టెలు కొడుతున్నది అత్త, స్నేహ పొయ్యి కాడ కూసున్నది.

"గోలీలు డబ్బాల పెడ్తవా బిడ్డా? అందరు గట్లనే అంటున్నరు."

"కాదవ్వా. సూడు. ఒంట్ల ఒక చెడ్డ ప్రొటీన్ ఉంటది. అది బలిస్తె రోగం. మన ఒంట్లనే మార్కు వేసేటోడు ఒకడుంటడు. వాడు దేని మీద మార్కేస్తె దాన్ని ఒళ్ళే ముక్కలు చేసి పారేస్తది."

"సంతల కటికాయన మేకకు రంగు పూసినట్టా?"

"అగో, అచ్చం గట్లనే! కని వాడు గీ చెడ్డదాన్ని పట్టించుకోడు. వాని తొవ్వ వానిది, దీని తొవ్వ దీనిది. మా మందు ఇద్దర్ని పక్కపక్కకు తెస్తది. ఒక చేత్తోని మేక చెవ్వు పట్టుకుంటది, ఇంకో చేత్తోని రంగేసేటోని మణికట్టు పట్టుకుంటది. ఆ రెండు చేతులను కలిపే నడుమ ముక్కను లింకర్ అంటరు. నేను చేసేది గదే."

"నడుమ ముక్కనా? చేతులెవరు చేస్తరు మరి?"

"అవి వేరేటోళ్ళు చేసిస్తరు. మేం కలుపుతం."

"ఇంత చదివి నడుమ తాడు పేనుతున్నవన్నట్టు" అన్నది అత్త.

మంచం మీద పండుకున్న మామ నవ్విండు. స్నేహ ఊకోలే. "తాడు ఊకెనే పేనస్తదా? పొట్టిగయితె ఇద్దరు గుద్దుకుంటరు. పొడుగయితె కుంచె అందదు. ఏ కొస ఎటు దిక్కు పెట్టినమన్నది గూడ సూడాలె. తిప్పి కడితె రంగేసేటోని కుంచె గాలిల ఊగుతది."

"అయితె మేక బతికిపోతది, మంచిదే" అన్నడు మామ.

ఇది చెప్పుకొని నవ్వుకున్నది పోయిన చలికాలం. ఎండాకాలం వచ్చేసరికి స్నేహ పేరు కంపెనీల మోగింది. బెంగుళూరుల జీవకణాల మీద పరీక్ష చేసేటోళ్ళకు వీళ్ళు తీరుతీరు మందులు చేసి పంపుతరట. అన్నిటికీ చేతులు అవే, నడుమ లింకరే వేరు. అన్నీ ఉత్తగ పోయినయి. స్నేహ చేసి పంపినదొక్కటి నడిచింది. కణాలల్ల ఆ చెడ్డ ప్రొటీన్ ముప్పాతిక వంతు లేకుంట పోయిందట. మహిధర్ సార్ అని ఆమె పైఆఫీసరు, అందరి ముందట నిలబెట్టి చప్పట్లు కొట్టించిండు. మిఠాయి డబ్బా ఇంటికి తెచ్చింది. మా ఆయన ఫోటో ముందట పెట్టి, "అన్నా, ఈ నెల పర్మినెంట్ చేస్తరట" అన్నది. నాకు ఏడుపాగలేదు. మంచి మాట విని ఏడ్వడం ఏందని నన్ను కోపం చేసింది.

మరుసటి వారం శనివారం సాయంత్రం రైలు దిగి వచ్చి చెప్పులు ఇడవకుండ అర్రల గోడకు ఆనుకొని నిలబడ్డది.

"స్నేహా, ఏమైంది? ఒంట్ల బాగలేదా?"

"వదినె, ఎవరన్న ఉన్నరా ఇంట్ల?"

"ఎవరుంటరే మనింట్ల? నేనే."

తలుపు దగ్గరికేసింది. చాయ పెడ్తనంటే వద్దన్నది. నేల మీద కూసొని, మోకాళ్ళు పట్టుకొని చెప్పుడు మొదలుపెట్టింది. నడుమ నడుమ ఆగుతున్నది. నేను అడ్డం పోలేదు.

ఆమె వాడిన లింకరు ముక్కకు రెండు కొసలు. ఒక కొస ఉంగరం తీరు గుండ్రం, ఇంకో కొస తోక. రెండు కొసలకూ అంటుకునే గుణమే. రెండూ ఒక్కసారి ఇడిస్తె ఏది దేనికి అంటుకుంటదో చెప్పలేం. అందుకని ఒక కొసకు టోపీ వేసి మూసిపెడ్తరు. మూయని కొసను ముందు ఒక చేతికి అంటిస్తరు, తర్వాత టోపీ తీసి రెండో చేతికి అంటిస్తరు. ఆ లింకరు పొడి రెండు తీర్ల సీసాలల్ల వస్తది. ఒకదాంట్ల టోపీ ఉంగరానికి, ఇంకోదాంట్ల తోకకు. రెండూ తెల్ల పొడే. బరువు గూడ ఒక్కటే. సీసా మీద పేరు మూరెడు పొడుగు, రెండిటికీ అవే అక్షరాలు, ఒక అంకె జాగ మారుతదంతే. స్నేహకు కావాల్సింది తోకకు టోపీ ఉన్నది. ఆమె అలవాటు చొప్పున ఆ సీసా మూత మీద ఎర్ర గీత గీసుకున్నది. తోటోళ్ళు "గొర్రెల మార్కు వచ్చిందిరో" అని ఎక్కిరిస్తరు. ఆమె పట్టించుకోదు.

ఒకనాడు రెండు పనులకు రెండు సీసాలు ఒక్కసారే తెరిచింది. మూతలు వేసేటప్పుడు దీనిది దానికి, దానిది దీనికి పడ్డయి. మర్నాడు బెంగుళూరుకు పంపే మందు చేయనీకి ఎర్ర గీత చూసి సీసా తీసింది. పేరు చదవలేదు. గీత ఉన్నదని నమ్మింది.

"గొర్రె వీపు మీద గీస్తె గొర్రెతోనే పోతది వదినె. నేను మూత మీద గీసిన. మూత మారితె గీత మారింది" అన్నది.

ఆ శనివారం ఎర్ర మూత సరిగ్గ పట్టుతలేదని, మరలు జారుతున్నయని చూస్తే అప్పుడు తెలిసిందట. రెండు సీసాలూ వేరే వేరే కంపెనీల నుంచి వచ్చినయి, మూతల మరలు జర తేడా.

"అంటే నువ్వు చేసిన మందు?"

"తిరగబడ్డది. నడుమ ముక్క తిప్పి కట్టిన. బరువు చూసే మిషన్ల తేడా రాదు, అటు తిప్పినా ఇటు తిప్పినా బరువొక్కటే. ఇంకో మిషన్ గీతలు గీస్తది, దాంట్ల జాగ్రత్తగ సూస్తే తెలుస్తది. కని బరువు కలిసిందని ఎవ్వరం సూడలె."

"కని అది నడిచింది గదనే?"

"గదే వదినె బుగులు! నడిచింది తిరగబడ్డది. కాయితాల మీద సక్కగ కట్టినట్టు ఉన్నది. సోమవారం కార్తీక్ అన్న పెద్ద ఎత్తున చేస్తున్నడు. ఆయన కాయితం చూసి సక్కగ చేస్తడు. అది నడవదు. అప్పుడు అందరేమంటరు? స్నేహ చేస్తె నడిచింది, కార్తీక్ చేతుల ఖరాబైందంటరు."

కార్తీక్ ఆమె కంటె ముందు చేరిన పిల్లగాడు. పని నేర్పింది ఆయననే. మా ఆయన పోయినప్పుడు ఊరి దాకా వచ్చిండు.

"చెప్పేస్తె?"

"పర్మినెంట్ కాని మనిషిని ఉంచుకోవాలని ఏమున్నది? బెంగుళూరోళ్ళకు తప్పు మందు పంపి, మంచిదని సంబురం చేసుకున్నం. సార్ పేరు గూడ పోతది." మాట ఆపి మెల్లగ అన్నది, "మూతలు మళ్ళ ఎవ్వి వాటికి పెట్టొచ్చిన వదినె. ఎవ్వరూ సూడలె. సర్దిన్నా, దాచిన్నా, నాకే తెలుస్తలేదు."

తెల్లారితే మా ఆయన సంవత్సరీకం. ఊరికి పోవాలె. గిన్నెలు సర్దుకుంట నిలబడ్డ. ఉద్యోగం పోతే ఈ ఇల్లు ఖాళీ చేయాలె. ఊరికి పోయి అత్తామామల మీద పడి కూసోవాలె. ఆమె పెండ్లి ముచ్చట వేరే. ఇవన్నీ నా మనసుల తిరుగుతున్నయి గాని ఒక్కటీ బయటికి అనలేదు. ఆమెకు నేను చెప్పకున్నా తెలుసు.

ఆదివారం పొద్దున తాండూరు రైలెక్కినం. పెట్టెల నిండ జనం. నా పక్కన ఒకామె కన్నడంల ఫోన్ మాట్లాడుతున్నది, నవ్వుతున్నది. స్నేహ కిటికీ కాడ కూసొని ఫోను తీసుడు, పెట్టుడు. మహిధర్ సార్ నంబరు తీస్తది, మళ్ళ లోపల పెడ్తది. తాండూరుల దిగి షేర్ ఆటోల ఎక్కినం. ఆటో ఆయన ఇంకా ఇద్దర్ని ఎక్కించుకునేదాక కదలనంటే, స్నేహ ఎన్నడు లేంది ఆయన మీద ఒర్రింది. నాకు ఆమె చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు.

ఇంటికి పోయేసరికి అత్త యాట కూర వండుతున్నది. కొడుకుకు ఇష్టమైనవన్నీ చేసింది. బిడ్డ మొకం ఒక్కసారి చూసి గంటె పక్కకు పెట్టింది.

"మొకం ఏందే గట్ల గుంజుకపోయింది? ఎవడన్న ఏమన్న అన్నడా?"

స్నేహ దాచలేకపోయింది. ఉల్లిగడ్డలు కోసుకుంట అంత చెప్పింది. సంతల మేక, రంగేసేటోడు అని అప్పటి మాటలతోనే చెప్పింది కాబట్టి అత్తకు దబ్బున ఎక్కింది.

"మేక సచ్చిందా లేదా?" అన్నది అత్త.

"సచ్చింది."

"సస్తె ఇగ నీకేం రంది? తాడు ఎటు తిప్పి కడితె ఏంది? సచ్చుడు కావాలె గద వాళ్ళకు!"

"ఎట్ల సచ్చిందో తెల్వకుంట రెండో మేకను ఎట్ల పట్టాలె అవ్వా? ఇప్పుడు వాళ్ళు సక్కగ కడితేనే నడుస్తదనుకుంటున్నరు. ముందు ముందు చేసేవన్నీ దాని మీదనే కడ్తరు. అన్నీ కూలిపోతయి. రోగమున్నోళ్ళకు అందేదాక పోయే పని ఇది."

"రోగమున్నోళ్ళను నువ్వు సూస్తవ్, మరి నిన్నెవరు సూస్తరు? అన్న ఉన్నడా?" అని అత్త కొంగు కండ్లకు ఒత్తుకున్నది.

పగటీలికి సమాధి కాడికి పోయినం. నలుగురమే. విస్తట్ల రొట్టె, కూర, ముంతల కల్లు పెట్టి, దూరం జరిగి నిలబడ్డం. పిట్ట ముట్టాలె. ముట్టేదాక ఎవ్వరూ కదలద్దు. ఎండ మాడుతున్నది. కంది చేను కోసి దున్నిన భూమి, ఎక్కడ చూసినా నల్లటి పెళ్ళలు. ఒక కాకి తుమ్మ కొమ్మ మీద కూసున్నది గాని కిందికి దిగుతలేదు.

"ఏమో మనసుల పెట్టుకున్నడు" అన్నది అత్త. "చెల్లె ఫికరే. బిడ్డా, మంచిగుంటనని చెప్పు అన్నకు."

స్నేహ నోరు తెరిచేలోపల చేతుల ఫోను మోగింది. కార్తీక్. మామ ఎత్తద్దన్నట్టు చెయ్యి ఊపిండు. ఆమె ఎత్తింది. ఆ ఎండల, ఆ నిశ్శబ్దంల, అవతలి మాటలు మాకు గూడ వినబడుతున్నయి.

"స్నేహా, డిస్టర్బ్ చేసిన్నా? అన్న కార్యం ఇయ్యాల్నే గదా, సారీ. బెంగుళూరోళ్ళు జల్ది కావాలంటున్నరు, సోమవారం దాక ఎందుకని ఇయ్యాల వచ్చేసిన. మొత్తం సీసా ఒక్కసారే వేసేస్తున్న. నీ ఎర్ర గీతదే గదా తీసుకోవాల్సింది? తూకం కాడ ఉన్న."

స్నేహ ఫోను రెండో చెవికి మార్చింది.

"హలో? ఉన్నవా?"

"ఉన్న అన్నా."

శనివారం ఆమె చెప్పినప్పుడు రెండు తొవ్వలే ఉండె. చెప్పుడు, చెప్పకపోవుడు. ఇప్పుడు ఇంకోటి కండ్ల ముందటికి వచ్చింది. నాకంటె ముందు అత్తకు కనబడ్డది. దగ్గరికి జరిగి చెవిల గుసగుసగ అన్నది.

"రెండోది తియ్యమను. ఒక్క మాట! గీత లేనిది తియ్యమను బిడ్డా. ఆ పిలగానికి మంచిగైతది, నీకు మంచిగైతది. ఇద్దరు బతుకుతరు."

నిజమే. రెండో సీసా తీస్తే తిరగబడ్డదే తయారైతది. నడిచిందే మళ్ళ నడుస్తది. కార్తీక్ మీద మాట రాదు, స్నేహ ఉద్యోగం పోదు. కాయితం మీద ఉన్నదొకటి, గిన్నెల ఉన్నదొకటి, అంతే. అది కనుక్కునేటోడు ఎన్నడు కనుక్కుంటడో.

"స్నేహా, తొందరగ చెప్పు. పొడి గాలికి తడి పట్టుతది."

అత్త నా దిక్కు తిరిగింది. "నాగరాణీ, నువ్వన్న చెప్పవేందే! రేపు ఆమె కొలువు పోతే వికారాబాద్‌ల నువ్వెట్ల ఉంటవ్?"

స్నేహ గూడ నన్నే చూస్తున్నది. ఫోను చెవికి, చూపు నా మీద. నాకోసం ఒక్క మాట అంటే ఆమె గీత లేని సీసా తియ్యమంటదని నాకు తెలుసు. నాకోసమని అంటది. అట్ల అన్నాక ఆమె రోజూ ఆ రైలెట్ల ఎక్కుతది, నేను ఆమె టిఫిన్ డబ్బల అన్నమెట్ల పెడ్త?

"నన్ను సూడకు స్నేహా" అన్న. "నా ముచ్చట ఇడిసిపెట్టు."

ఆమె కండ్లు మూసుకున్నది.

"కార్తీక్ అన్నా, తూకం ఆపు. రెండు సీసాలూ పక్కకు పెట్టు. ఏదీ వెయ్యకు. నేను చేసి పంపింది కాయితం మీద ఉన్నది కాదు. మూతలు మారినయి. రెండో సీసాలది వేసిన. తిరగబడి అంటుకున్నది."

కార్తీక్ గొంతు వేరే తీరు వచ్చింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"నిన్న."

"నిన్న తెలిస్తే ఇయ్యాల దాక..." అని ఆగిండు. "సార్‌కు చెప్పు. నువ్వే చెప్పు." ఫోను పెట్టేసిండు.

అత్త నేల మీద కూలబడ్డది. స్నేహ ఆ జాగలనే నిలబడి మహిధర్ సార్‌కు కలిపింది. ఒక్క సాగున చెప్పింది. తప్పు నాదే అన్నది. కార్తీక్ ఇంకా ఏం వెయ్యలేదన్నది. ఆఖరికి సార్ అడిగిన మాట మాకు వినబడ్డది.

"ఇది ఎవరెవరికి తెలుసు?"

"కార్తీక్ అన్నకు. మా ఇంట్లోళ్ళకు."

"రేపు నేను చెప్పేదాక ఇంకెవ్వరితోని అనకు." అంతే, పెట్టేసిండు.

"సూసినవా!" అన్నది అత్త కింది నుంచి. "దాస్తడు వాడు. దాచి, నీ మీదికి తోసి, ఎల్లగొడ్తడు. నా మాట ఇంటివా?"

స్నేహ ఫోను చూస్తనే ఉన్నది. అప్పుడు మామ సప్పుడు చేసిండు. "పిట్ట ముట్టింది, ఇగ పోదాం."

"ఎప్పుడు?" అని అడిగిన.

"గా పిలగాని ఫోను మోగినప్పుడే. మీరు సూడలె."

ఆ రోజు సాయంత్రమే రైలెక్కి వికారాబాద్ వచ్చేసినం. సోమవారం పొద్దుగాల ఆమె తల దువ్వుకొని, డబ్బ తీసుకొని, "వచ్చేటప్పుడు నా సామాన్లు గూడ తెచ్చుకుంటనేమో" అని పోయింది. ఆ రోజు నాకు ఎట్ల గడిచిందో చెప్పలేను. కొండమ్మక్క వచ్చి చింతపండు అడిగితే ఉప్పు ఇచ్చిన్నట. ఫోను చెయ్యాలంటే భయం, రాకపోతే భయం. మధ్యాహ్నం అత్త రెండుసార్లు చేసింది. "ఎల్లగొట్టిండ్రా?" అని అడుగుతది, "తెల్వదు" అంటె పెట్టేస్తది. సాయంత్రం ఇంట్ల ఉండలేక స్టేషన్‌కు పోయి బల్ల మీద కూసున్న.

రైలు వచ్చింది. దిగేటోళ్ళల్ల ముందుగ ఆమె చేతులు చూసిన. డబ్బ సంచి తప్ప ఇంకేం లేదు. నా పక్కన వచ్చి కూసున్నది. జనాన్ని పోనిచ్చింది.

"ఉండమన్నరు వదినె."

నేను ఊపిరి తీసుకున్న.

"పర్మినెంట్ మాత్రం లేదట. వచ్చే ఏడాది సూస్తరట. సార్ ఆదివారం నేను ఫోను చేసినంక ఒక్కడే వచ్చి, ఆ మిషన్ గీసిన పాత గీతల కాయితాలు ముందటేసుకొని కూసున్నడట. తెలుస్తది, మంచిగ తెలుస్తది, సూస్తే. పొద్దున అందరినీ పిలిచి నన్ను చెప్పమన్నడు. చెప్పిన. మొన్న చప్పట్లు కొట్టినోళ్ళే అందరు. ఒకామె నవ్వింది గూడ. నేను చెప్పుడు అయినంక సార్ లేచి, ఆ గీతల కాయితం మీద నేనే సంతకం పెట్టి పంపిన, సూడకుంట పెట్టిన, అన్నడు. బెంగుళూరుకు అందరి ముందటనే ఫోను చేసిండు."

"వాళ్ళేమన్నరు?"

"కోపానికొచ్చిండ్రు. రెండు తీర్ల చేసి మళ్ళ పంపుమన్నరు. నాతోని ఇంకో మనిషిని నిలబెట్టి చేయిస్తరట, ప్రతి సీసా పేరు పైకి చదవాలెనట, చిన్న పిల్లల లెక్క."

రెండు తీర్ల చేసి పంపినంక తిరగబడ్డదే నడిచిందని, సక్కనిది నడవలేదని తెలిసింది ఒక నెల తర్వాత. ఇప్పుడు అందరు ఆ ముక్కను తిరగేసే కడుతున్నరట. దానికెవరూ స్నేహ పేరు పెట్టలేదు, చప్పట్లు గూడ కొట్టలేదు. పర్మినెంట్ కాయితం ఇంకా రాలేదు. అది తర్వాతి ముచ్చట. ఆ సోమవారం బల్ల మీద కూసున్నప్పుడు మాకు అవేం తెల్వదు.

"కార్తీక్ ఏమన్నడు?" అని అడిగిన.

ఆమె డబ్బ సంచి తాడు వేలికి చుట్టుకుంట, ఇప్పుకుంట కూసున్నది.

"పొద్దంత మాట్లాడలె వదినె. నా దిక్కు సూడను గూడ సూడలె. పోయేటప్పుడు గేటు దాక నా ఎనకనే వచ్చిండు. తిడ్తడేమో అనుకున్న. గేటు కాడ నిలబడి, 'ఆదివారం నువ్వు రెండో సీసా తియ్యమంటె తీస్తుంటి స్నేహా, ఎందుకని గూడ అడగకపోతుంటి' అన్నడు. అని బండెక్కి పోయిండు."

శనివారం నుంచి ఏడ్వని మనిషి అప్పుడు ఏడ్చింది. నా భుజం మీద తల పెట్టి, ఎవరన్న చూస్తరని లేకుంట ఏడ్చింది. తాండూరు పోయే రైలు వచ్చి నిలబడ్డది, పోయింది. చాయ అమ్మేటాయన ఒకసారి మా దిక్కు చూసి, అడగకుండనే ముందటికి పోయిండు. చీకటి పడుతున్నది. నేను ఆమె వీపు మీద చెయ్యి వేసి, ఆమె అయినంతసేపు కూసున్న.